మూడో మడి తోటకూర

మా అమ్మాయి సింధు మీద నాదొక ఫిర్యాదు. ఆ పిల్ల ఫ్రిజ్‌లో బురద పెడుతుంది.

ఇడ్లీపిండి గిన్నెకీ పెరుగు గిన్నెకీ మధ్య వరసగా పదకొండు ప్లాస్టిక్ కవర్లు. ఒక్కోదాని మీద నల్ల పెన్నుతో చోటు, లోతు, తారీఖు. ‘నది ఒడ్డు, పది సెంటీమీటర్లు.’ ‘నాలా మూతి, అయిదు సెంటీమీటర్లు.’ ‘తాత మడి.’ ‘మమ్మీ మడి.’ మిగతా ఇళ్ళలో ఆడపిల్లలు ఫ్రిజ్‌లో చాక్లెట్లు దాచుకుంటారని విన్నాను. మొన్నొకరోజు మా ఆయన సత్యప్రసాద్ గూడ్సు బండి డ్యూటీ దిగి ఆకలిమీద ఇంటికొచ్చి, నేను లేకపోవడం చూసి తనే చారు పెట్టుకోబోయి, ‘నాలా మూతి’ని చింతపండు గుజ్జు అనుకుని సగం కవరు విప్పారు. సింధు పరుగెత్తుకొచ్చి ముందు కవరు లాక్కుంది, తరవాత తండ్రి క్షేమం అడిగింది.

“పప్పా, యే మేరా డేటా హై!” అంది.

ఫ్రిజ్ నాది, కరెంటు బిల్లు ఆయనది, డేటా దానిది.

ఆ డేటా వల్లే పోయిన వారం మా కొంపలో రెండు వర్గాలయ్యాయి. అప్పుడు లేనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను.

మా మామగారి పేరు చినబాబు. డెబ్భై తొమ్మిదేళ్ళు. టాటానగర్‌లో రైలుపట్టాల గ్యాంగులో చేరి, ఉద్యోగంలో ఉండగానే భుయ్యాడీహ్‌లో నదికి అయిదు నిమిషాల దూరాన ఈ ఇల్లు కట్టి, గ్యాంగుకి మేటుగా రిటైరయ్యారు. ఇల్లు చిన్నది, పెరడు పెద్దది. టెక్కలి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఎండాకాలం చెరువు ఎండగానే బళ్ళు కట్టుకెళ్ళి, అడుగున పేరుకున్న నల్లమట్టి తవ్వి పొలాలకి తోలేవారట. ఎరువు కొనే పనే లేదు. ఆయన ఉద్యోగానికి రైలెక్కినప్పుడు ఆ అలవాటు కూడా టిక్కెట్టు లేకుండా ఎక్కింది. ఇక్కడ చెరువు లేదు, సువర్ణరేఖ ఉంది. ఏటా నీళ్ళు దిగిన నెలలో సైకిలు మీద గోనెసంచులు వేసుకెళ్ళి, నాలా వచ్చి నదిలో కలిసే మలుపులో మెత్తటి ఒండ్రు తవ్వి తెచ్చి మళ్ళలో పరిచేవారు. ఇది ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా జరుగుతోంది. మా వీధిలో ఆయన తోటకూర తినని తెలుగు కొంప లేదు.

సింధు చేసే ఎమ్మెస్సీ ప్రాజెక్టు సరిగ్గా ఆ ఒండ్రు మీదే. పోయిన వారం మొదటి రిపోర్టు తెచ్చింది. ఒండ్రులో కాడ్మియం ఉంది, మా మళ్ళ మట్టిలోనూ ఉంది. మామూలు నేలలో ఉండే దానికంటే ఎన్నో రెట్లు. అది ఒంట్లోకి వచ్చిందంటే మూత్రపిండాల్లో కాపురం పెడుతుంది. ఇరవై ఏళ్ళయినా ఇల్లు ఖాళీ చెయ్యదు.

ఎదురింటి జయమణి టీచరుగారి కూతురు బెట్సీకి ఇప్పుడు ఏడో నెల. విశ్రాంతిగా ఉండమన్నారని నాలుగో నెలలోనే రాంచీ నుంచి పుట్టింటికి వచ్చేసింది. ఒంట్లో రక్తం తక్కువ. అందుకని మూడు నెలలుగా రోజూ మా పెరట్లోంచి ఒక తోటకూర కట్ట వాళ్ళింటికి వెళ్తోంది. ఒకరోజు మామగారి మడిది, ఒకరోజు నా మడిది.

పోయిన వారం ఆ రిపోర్టు పట్టుకుని, టీచరుగారు వింటుండగా, మామగారితో నేను అన్నమాట ఇది: “మామయ్యా, ఇన్నేళ్ళూ మీరు మోసుకొచ్చింది ఎరువు కాదు, విషం.” అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను. టీచరుగారి వైపు తిరిగి, “బెట్సీకి ఇకమీద నా మడి ఆకే పంపిస్తాను. నా మడిలో మూడేళ్ళుగా కొత్త బురద పడలేదు. మూడు వానాకాలాలు కడిగేసి ఉంటాయి. మీరు నిశ్చింతగా ఉండండి” అని హామీ కూడా ఇచ్చాను. విజయనగరంలో కెమిస్ట్రీ చదివిన బీయస్సీని. నా మాటకి మా వీధిలో ముద్ర ఉంది.

మామగారు చేతిలోని పార గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, వీధి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. తొమ్మిది రోజులయింది, పెరట్లో అడుగు పెట్టలేదు. ఆ తొమ్మిది రోజులూ బెట్సీకి నా మడి ఆకే వెళ్ళింది. ఒక కట్ట కాదు, ఉత్సాహం కొద్దీ రెండేసి కట్టలు.

*

గురువారం పొద్దున్న పదిన్నరకి నేను మూడో మడిలో, అంటే నా మడిలో, ఆకు కోస్తున్నాను. ఆ మడి ఎలా ఉందో చెప్పాలి. కాడలు బొటనవేలంత లావు, ఆకులు అరచేయంత వెడల్పు, రంగు చూస్తే నలుపు తిరిగిన పచ్చ. అటు చివర మొదటి మడి మామగారిది. అందులో ఆకు సన్నంగా, కొంచెం పసుపుగా, జీతం సరిపోని గుమాస్తాలా ఉంటుంది. మధ్యలో రెండో మడి సింధుది. బురద తగలకుండా గోవింద్‌పూర్ నర్సరీ నుంచి తెప్పించిన మట్టితో వేసింది, పోల్చి చూడ్డానికట.

గేటు చప్పుడైంది. కాలేజీలో ఉండాల్సిన పిల్ల ఇంటికొచ్చింది. చేతిలో కాగితాలు, భుజాన సంచి. నా వైపు చూడకుండా తిన్నగా వరండాలోకి వెళ్ళింది.

“తాతా, పెరట్లోకి చలియే నా. మీకొకటి చూపించాలి.”

“నానెందుకే? ఇసం తెచ్చినోణ్ణి. మీ యమ్మని పిల్సుకో. సదూకున్నాది.”

“మమ్మీ కూడా చూడాలి. ఇద్దరూ చూడాలి.”

“ఏటి సూపిత్తావు? ఇంకో రిపోర్టా? ఒకటికే తొమ్మిది దినాలు పట్టింది మింగడానికి.”

అయినా లేచారు. మనవరాలు చెయ్యి పట్టుకుంటే ఆయనకి మోకాళ్ళ నొప్పి గుర్తుండదు.

సింధు పెరట్లో బట్టలుతికే బండ మీద నా గాజు గ్లాసు పెట్టింది. అతిథుల కోసం దాచిన ఆరింటిలో ఒకటి. పక్కన మూడు వస్తువులు పెట్టింది. ఒక పొట్లం, మా మామగారి సున్నం డబ్బా, మా వంటింటి వెనిగర్ సీసా.

“ఆ గ్లాసు మళ్ళీ వంటింట్లోకి రాకూడదు మమ్మీ. భూల్ జావో.”

“నువ్వు చెప్పకముందే మరిచిపోయాను,” అన్నాను.

పొట్లం విప్పగానే మామగారి మొహంలో తొమ్మిది రోజుల తరవాత ఒక వెలుగు కనిపించింది.

“మైలుతుత్తం! మిరప తెగులుకి కొట్టీవోళ్ళం. సున్నం కలిపి.”

“అదే. ఇందులో ఉండేది రాగి. కాడ్మియానికి రంగుండదు తాతా, కంటికి దొరకదు. రాగి దొరుకుతుంది. ఈ విషయంలో రెండిటి నడకా ఒకలాంటిదే. దేఖియే.”

గ్లాసులో నీళ్ళు పోసి, రెండు పలుకులు వేసి కలిపింది. వాన వెలిసిన మర్నాటి ఆకాశం రంగు వచ్చింది. చిన్నప్పుడు ప్రాక్టికల్స్‌లో ఎన్నిసార్లు చూశానో. అయినా పెరట్లో, ఎండలో, ఆ నీలం చూసి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని బండ పక్కనే చతికిలబడ్డాను.

“ఇది నదిలోకి వచ్చిన లోహం అనుకోండి. ఎక్కణ్ణుంచి వచ్చిందంటే ఒక్క చోటు చెప్పలేం. పైన కొండల్లో రాళ్ళు, గనులు, కార్ఖానాలు, ఊళ్ళు, మనిళ్ళ మోరీలు. అందరి వాటా ఉంది. నీళ్ళలో కరిగే ఉండిపోతే ఎప్పుడో సముద్రంలో పడేది. పడదు. సన్నటి మట్టి రేణువు కనిపిస్తే అంటుకుపోతుంది. ఇసుకకి అంత అంటదు, గరుకు. మెత్తటి మట్టికైతే వదలదు. నీళ్ళు నెమ్మదించిన చోట ఆ మట్టితోపాటే దిగిపోతుంది.”

“నాలా మలుపులో,” అన్నారు మామగారు నెమ్మదిగా.

“హా, మలుపులోనే.”

మామగారు తన వేళ్ళు చూసుకున్నారు. మట్టి ఎంచుకోవడంలో ఆయనకో పరీక్ష ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తారు. గరగరమంటే పారేస్తారు. వెన్నలా జారితేనే సంచిలోకి. ముప్ఫయ్యెనిమిదేళ్ళపాటు నదిలో అన్నిటికంటే ఎక్కువ లోహం పట్టుకున్న మట్టిని, ఏ మిషనూ లేకుండా, వేలి కొసలతో తప్పు లేకుండా ఎంచుకుంటూ వచ్చారు. ఆ ఒడ్డునే ఆడవాళ్ళు చెక్కపళ్ళేల్లో ఇసుక కడిగి నలుసంత బంగారం కోసం రోజంతా వంగి కూర్చోవడం నేను చూశాను. నది ఒక చేత్తో వాళ్ళకి కనిపించేది దాచిపెట్టింది. ఇంకో చేత్తో మాకు కనిపించనిది సంచుల కొద్దీ ఇచ్చింది.

“ఇప్పుడు సున్నం,” అంది సింధు.

చెంచాతో సున్నపు నీళ్ళు పోసింది. పాలు విరిగినట్టు ఆకాశం విరిగింది. లేత నీలం మబ్బులు తునకలు తునకలుగా గ్లాసంతా తేలి, ఒకదాని మీద ఒకటి వాలుతూ కిందికి దిగడం మొదలుపెట్టాయి. ముగ్గురం వంగి చూస్తున్నాం. నాలుగు నిమిషాలు పట్టింది. పైన తేటనీళ్ళు. మంచినీళ్ళని చెప్పి ఎవరికైనా ఇచ్చేయొచ్చు. అడుగున రెండు వేళ్ళ మందాన నీలపు గడ్డపెరుగు.

“రాగి ఎక్కడికి పోయింది తాతా?”

“ఎక్కడికి పోతాదే? అడుగున కూకున్నాది.”

“తోటకూర వేరు తాగేది ఏది? అడుగుదా, పైదా?”

“నీళ్ళు తాగుతాది గాని మన్ను తింతాదేటి?” అని, ఆయనే ఆగిపోయారు. సున్నం డబ్బా వైపు చూశారు.

“మీరు మడిలో సున్నం ఎందుకు జల్లేవారు?”

“ఆ ఒండ్రుకి కంపే. పురుగూ ఉంటాది. గ్యాంగులో రాళ్ళకి సున్నం కొట్టీవోళ్ళం గదా, కిలోమీటరు రాళ్ళకి. డ్రమ్ములో అడుగూ బొడుగూ మిగిలితే పారబొయ్యడమెందుకని మడికి తెచ్చీవోణ్ణి. రిటైరయినాక కొట్లో కొన్నాను. అంతే. నాకేటి తెల్సు?”

సింధు ఆయన భుజం మీద చెయ్యి వేసింది. “తెలీకుండానే తాళం వేశారు తాతా. ఏటా లోహం తెచ్చారు, ఏటా తాళం వేశారు.”

ఆ మాట వినే సమయానికి నా చూపు వెనిగర్ సీసా మీద ఉంది. సింధు ఇంకా మూత తియ్యలేదు. తియ్యక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసింది ఒక్కొక్క అక్షరమే లేచి వచ్చి నా ముందు నిలబడింది. క్షారంలో దిగిపోయినది ఆమ్లంలో లేస్తుంది.

మూడేళ్ళ కిందట మూడో మడి కూడా మామగారిదే. ఆకులో ఈనెకీ ఈనెకీ మధ్య పసుపు తిరుగుతుంటే నేను జోక్యం చేసుకున్నాను. రోగం సరిగ్గానే కనిపెట్టాను. సున్నం ఎక్కువైంది, నేలలో పులుపు లేదు, అందుకని మట్టిలో ఉన్న ఇనుము ఆకు దాకా రావడం లేదు. “ఈ మడి నాకు వదిలెయ్యండి మామయ్యా, సున్నం ముట్టుకోకండి” అన్నాను. బర్మామైన్స్ కొట్లో గంధకం పొడి కొన్నాను. నెలకో గుప్పెడు. పైన అమ్మోనియం సల్ఫేట్. గంధకం నేలలో మెల్లమెల్లగా ఆమ్లం అవుతుంది. రెండో ఏడాదికి ఆకు నల్లపచ్చగా తిరిగింది. వీధంతా వచ్చి చూసింది. అది చదువు మహత్తు అన్నారు టీచరుగారు. నేను వద్దు వద్దంటూనే విన్నాను.

“మూత తీ,” అన్నాను సింధుతో.

“మమ్మీ...”

“తియ్యి. చూడనీ.”

వెనిగర్ గ్లాసు అంచు వెంట జారింది. మొదట ఏమీ కాలేదు. రెండో చెంచాకి గడ్డపెరుగు అంచు పలచబడింది. మూడో చెంచాకి అడుగు కదిలింది. పొగ లేచినట్టు, నిద్రలేచిన మనిషి దుప్పటి తోసుకుని లేచినట్టు, నీలం అడుగునుంచి పైకి వచ్చింది. మబ్బులు కరిగాయి. కొంచెం తిప్పేసరికి మళ్ళీ అదే ఆకాశం, మొదట ఉన్నంత తేటగా. ఏదీ పోలేదు. ఒక్క పరమాణువు కూడా ఎక్కడికీ పోలేదు.

“ఓలమ్మో,” అన్నారు మామగారు. తిట్టు కాదు, దండం పెట్టినట్టు అన్నారు.

నాకూ అలాగే అనిపించింది, భయపడాల్సిన చోట. ఇనపసామాను తుప్పు పడుతుంది, కట్టె చెద పడుతుంది, మనుషులం ముసలివాళ్ళం అవుతాం. లోహపు పరమాణువుకి ఇవేమీ లేవు. కుళ్ళదు, కాలదు, అరగదు. ఏ కొండ కడుపులోనో కోట్ల ఏళ్ళు కూర్చుని, ఒకనాడు బయటపడి, నీళ్ళలో నడిచి, మట్టిని పట్టుకుని, మా మామగారి సైకిలెక్కి మా పెరట్లోకి వచ్చి, సున్నం కింద ముప్ఫై అయిదేళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చుంది. వానలు కడిగేస్తాయనుకున్నాను నేను. దానికి వాన లెక్క కాదు. దానికి కావలసింది చిటికెడు పులుపు.

సింధు కాగితాలు బండ మీద పరిచింది. మొదటి మడి మట్టిలో కాడ్మియం, మూడో మడి మట్టిలో కాడ్మియం ఇంచుమించు సమానం. ఆకుల దగ్గరికి వచ్చేసరికి మామగారి మడి ఆకు, తినొచ్చు అన్న హద్దుకి కొంచెం లోపలే ఉంది. నా మడి ఆకులో దానికి తొమ్మిది రెట్లు.

“ఎలా వెళ్తుందే లోపలికి?” అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను. “విషమని వేరుకి తెలీదా?”

“తెలీదు మమ్మీ. జింకులా, ఇనుములా వేషం వేసుకుని వస్తుంది. ఇనుముని పిలిచే తలుపులోంచే ఇదీ వెళ్తుంది. నీ మడిలో మొక్కలు ఇనుము కోసం మొహం వాచి ఉన్నాయి కదా. తలుపులన్నీ తెరిచి పెట్టుకున్నాయి. నువ్వు పులుపు వేశావు. ఇనుమూ వచ్చింది, దాని వెనకాలే...”

ముగ్గురం ఆ నల్లపచ్చ ఆకు వైపు చూశాం. అంత అందమైన ఆకు నేను ఎప్పుడూ పండించలేదు.

మామగారు బండ మీద చెయ్యి ఆనించి కూర్చున్నారు. తొమ్మిది రోజులుగా ముద్దాయి. ఇప్పుడు నన్ను రెండు మాటలంటే నేను పడాలి. ఆయన మొహంలో ఆ ఆలోచనే లేదు.

“పద్మా,” అన్నారు. “ఆ పిల్ల బెట్సీ ఏ మడిది తింతంది?”

ఆయన నా ఒళ్ళో బుట్ట చూశారు. బుట్టలో ఉన్నది ఇప్పుడే కోసిన కాస్త ఆకు. ఎనిమిదింటికే ఒక పెద్ద మోపు కోసి ఎదురింటికి ఇచ్చేశాను. ఇవాళ టీచరుగారింట్లో ఆడవాళ్ళ ప్రార్థన కూటం. పదిహేను మందికి భోజనాలు. తోటకూర పప్పు.

*

సింధు అప్పటికే డాక్టరుతో మాట్లాడింది. సోమవారం బెట్సీకి పరీక్షలు చెయ్యాలి. కడుపులో మాయ ఉంటుంది కదా, అది కాడ్మియాన్ని చాలావరకు తనలోనే పట్టుకుని బిడ్డ దాకా పోనివ్వదట. చాలావరకే, పూర్తిగా కాదు. మట్టికి సున్నం చేసిన పనే తల్లి ఒంట్లో ఆ మాయ చేస్తుందన్నమాట, ఎవరూ నేర్పకుండానే. ఇంకో రోజైతే ఆ సంగతి వినగానే కళ్ళు తుడుచుకునేదాన్ని. ఇవాళ టైము లేదు. గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

చెప్పులు వేసుకుంటుంటే మామగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

“ఆగమ్మా. సెప్పీ ముందు ఒక మాట. ఆ పప్పు తినొద్దని సెప్పు. ఎందుకంతే, మా మావ బురదని సెప్పు.”

“మామయ్యా?”

“ఎలాగూ వారం కితం సెప్పీసినావు గదా. అదే మాట మళ్ళీ సెప్పు. నాను ముసిలోణ్ణి, సదువు రానోణ్ణి, నన్నెవులేటంతారు? నిన్నైతే అంతారు. రేపటికాడి నుంచి నీ మాట ఈదిలో ఎవులింతారు? బురద నాదే గదా, అబద్ధమేటుంది?”

అబద్ధం ఏమీ లేదు. అదే అందులో ఉన్న సుఖం. ఎంత మంచి ప్రతిపాదనంటే, ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణమే, చెప్పులో కాలు పెట్టి ఆలోచించాను. వీధిలో ముద్ర నిలబడుతుంది. చదువు మహత్తు చెక్కు చెదరదు. తొమ్మిది రోజులు కుర్చీలో కూర్చున్న మనిషి ఇంకో తొమ్మిదేళ్ళు కూర్చుంటారు.

“తప్పుకోండి మామయ్యా,” అన్నాను.

ఆయన తప్పుకున్నారు. కాని నా వెనకాలే రోడ్డు దాటారు.

టీచరుగారి హాల్లో చాప మీద పదిహేను మంది. పాట అప్పుడే అయిపోయింది, సాక్ష్యాలు చెప్పుకునే సమయం. ఎవరికి దేవుడు ఏం మేలు చేశాడో లేచి నిలబడి చెప్పుకుంటారు. వంటింట్లోంచి వెల్లుల్లి పోపు వాసన. బెట్సీ గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన అప్పుడే వడ్డించిన చిన్న గిన్నె. కడుపుతో ఉన్నదని దానికి ముందు పెట్టారు. చెంచా గిన్నెలోనే ఉంది. సగం గిన్నె ఖాళీ.

“రామ్మా పద్మా,” అన్నారు జయమణి టీచరుగారు సంబరంగా. “ఏవన్నా ప్రార్థన అవసరత ఉందా? సిగ్గుపడకు, చెప్పు. అందరం కలిసి ప్రార్థన చేద్దాం.”

“ఉందండి. కాని ముందు ఆ గిన్నె పక్కన పెట్టించండి. ఆ పప్పు ఎవరూ తినకండి.”

బెట్సీ చెయ్యి చెంచా మీద ఆగింది. “ఏవైంది ఆంటీ? ఉప్పెక్కువైందని మమ్మీకి నేను ముందే చెప్పాను.”

ఇద్దరు నవ్వారు. నేను నవ్వలేదని చూసి ఆపేశారు.

“సింధు ఆకులు పరీక్ష చేయించింది. నా మడి ఆకులో ఆ లోహం చాలా ఎక్కువగా ఉంది.”

టీచరుగారు మొహం ముడుచుకున్నారు. “అదేంటమ్మా? నీ మడి మంచిదన్నావు కదా. ఓహో, మీ మామగారి బురద ఆ మడిలోకి కూడా పాకిందన్నమాట. ఆయనకి ఎన్నిసార్లు చెప్పినా...”

“ఔనమ్మా,” అన్నారు వెనక గుమ్మంలోంచి మామగారు, తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని. “నాదే. తెలీక తెచ్చినాను. మీరందరూ...”

“మామయ్యా, మీరు మాట్లాడకండి,” అన్నాను. పాతికేళ్ళలో ఆయనతో అంత గట్టిగా అనలేదు. “ఆయన మడిదీ పరీక్ష చేశారు టీచరుగారూ. ఆ ఆకు హద్దులోపలే ఉంది. ఆయన సున్నం వేశారు. లోహం మట్టిలోనే ఉండిపోయింది. నేను గంధకం వేశాను.”

గంధకం అనగానే చాప మీద నాలుగు తలలు లేచాయి. పోయినేడాది ఈ హాల్లోనే, ఇదే చాప మీద, నా పచ్చటి ఆకు చూపించి గంధకం ఎంత వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో కాగితం మీద నేను రాసిచ్చింది ఆ నలుగురికే. మామగారి సైకిలు మీది ఒండ్రు వాళ్ళ కుండీల్లోకీ వెళ్ళింది. పెద్దామె జగదాంబగారు చేతిలో పళ్ళెం మెల్లగా నేలమీద పెట్టారు.

బెట్సీ నన్నే చూస్తోంది. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి గిన్నె మీద.

“అంటే ఆంటీ,” అంది. నెమ్మదిగా, లెక్క వేసుకుంటున్నట్టు. “తాతగారి ఆకే తింటూ ఉండుంటే...”

“ఇంత ఉండేది కాదమ్మా.”

“ఈ తొమ్మిది రోజులూ రెండేసి కట్టలు...”

“నేనే పంపాను.”

హాల్లో ఫ్యాను తిరుగుతోంది. టీచరుగారు కూతురి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. మంచి మనిషి. నా మొహం చూసి జాలిపడి, నాకోసం ఒక దారి వెతుకుతున్నారు. “చదువుకున్నదానివి, తెలిసి చేస్తావా? ఎవరో తప్పు చెప్పి ఉంటారు. ఆ కొట్టువాడో, ఆ గంధకం పాకెట్టు మీదో...”

పదిహేను మంది నా సాక్ష్యం కోసం ఎదురుచూస్తున్నారు. వెనక మామగారి ఊపిరి వినబడుతోంది.

“ఎవరూ చెప్పలేదండి,” అన్నాను. “మామయ్యని నలుగురిలో అన్నమాట తప్పు. మీకిచ్చిన హామీ తప్పు. మీ నలుగురికీ రాసిచ్చిన కాగితం తప్పు. బెట్సీ, తప్పు నేను చేశాను.”